డెండ్రైట్ అనే మాట ఎక్కడిది? నాడీకణానికీ, నదికీ, నాపరాయికీ ఒకే పేరు ఎలా వచ్చింది?

ప్రశ్న (పలకాబలపం)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. నాడీకణం పాఠం చెప్పేటప్పుడు, కణదేహం నుంచి కొమ్మలుగా చీలుతూ బయటికి వచ్చే భాగాలను డెండ్రైట్లు అంటారని ఏటా చెబుతున్నాను. ఈసారి ఒక విద్యార్థిని లేచి, నదుల పాఠంలో కూడా డెండ్రిటిక్ అనే మాట విన్నానని, ఆ రెంటికీ సంబంధం ఉన్నదా అని అడిగింది. ఆకారంలో పోలిక ఉన్నదని చెప్పి పాఠం ముందుకు నడిపించాను కానీ, ఆ పిల్ల ప్రశ్నకు అంతకంటే మంచి సమాధానం దక్కవలసి ఉన్నదని నాకు గట్టిగా అనిపిస్తున్నది.

ఇంతలో మా ఇంటి వరండాకు బేతంచెర్ల నాపరాళ్ళు పరిపిస్తుండగా, ఒక బండ మీద నల్లని గీతలతో అచ్చం చిన్న మొక్క బొమ్మ కనిపించింది. మేస్త్రీ దాన్ని చూసి, ఎప్పటిదో మొక్క బండలో ఇరుక్కొని అచ్చు పడిపోయిందని అన్నాడు. భూగర్భశాస్త్రం చదివిన బంధువు ఒకరు అది మొక్క కాదని, దాన్ని కూడా డెండ్రైట్ అనే అంటారని చెప్పారు.

ఈ మాట ఏ భాషది, మొదట దేనికి పెట్టిన పేరు, మన భాషల్లో దీనికి చుట్టం అనదగిన మాట ఏదైనా ఉన్నదా, పిల్లలకు తెలుగులో ఏమని చెప్పవచ్చు? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (నిఘంటుప్రియ)

మాట గ్రీకుది. ఆ భాషలో డెండ్రాన్ అంటే చెట్టు. దానికి ఇటీస్ అనే ప్రత్యయం చేరి డెండ్రిటీస్ అయింది. చెట్టుకు సంబంధించినది, చెట్టుకు చెందినది అని అర్థం. హెమటైట్, గ్రాఫైట్ వంటి ఖనిజాల పేర్ల చివర వినిపించేది ఈ ప్రత్యయమే. కీళ్ళవాతాన్ని ఆర్థ్రైటిస్ అంటున్నామే, అందులోని చివరి భాగం కూడా దీని స్త్రీలింగ రూపమే.

మొదట దేనికి పెట్టిన పేరు అని అడిగారు కాబట్టి కొంచెం విస్తరించి రాస్తాను, ఎందుకంటే ఈ మాట నడిచి వచ్చిన దారి చాలా చిత్రమైనది. గ్రీకులు డయోనిసస్ అనే దేవుణ్ణి వృక్షదేవతగా కొలిచినప్పుడు డెండ్రిటీస్ అని పిలిచేవారు. తరువాతి కాలంలో, బైజాంటియం నేలల్లో, చెట్ల మీద నివసిస్తూ తపస్సు చేసిన క్రైస్తవ సన్యాసులకు కూడా ఇదే పేరు వచ్చింది. థెస్సలొనీకకు చెందిన డేవిడ్ అనే సాధువు బాదం చెట్టు మీద మూడేళ్ళు గడిపినట్లు ఆయన చరిత్ర చెబుతుంది. రాళ్ళ విషయానికి వస్తే, రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలో తన ప్రకృతి చరిత్రలోని 37వ సంపుటంలో, చిన్న చిన్న చెట్ల బొమ్మలు ఉన్నట్లు కనిపించే అగేటు రాయిని డెండ్రకాటిస్ అని పేర్కొన్నాడు. ఉంగరాల అంగళ్ళలో అకీకు అని అమ్మే రాయి ఇదే జాతిది. అదే సంపుటంలో డెండ్రిటిస్ అనే తెల్లని రాయి గురించి ఒక నమ్మకాన్ని కూడా నమోదు చేశాడు: నరకబోయే చెట్టు కింద ఆ రాయిని పాతిపెడితే గొడ్డలి పదును మొద్దుబారదట. ఐరోపా భాషల్లో 18వ శతాబ్దం నాటికి డెండ్రైట్ అంటే చెట్టు బొమ్మ ఉన్న రాయి అనే అర్థమే వాడుకలో ఉండేది. నాడీకణానికి ఆ పేరు తగిలింది 19వ శతాబ్దం చివరలో. అంటే మీ వరండాలోని బండే ఈ పేరుకు పాత హక్కుదారు. మీ పాఠంలోని నాడీకణం తరువాత వచ్చింది.

ఇక చుట్టరికం. సంస్కృతంలో దారు అంటే కొయ్య, ద్రు అన్నా ద్రుమం అన్నా చెట్టు. అమరకోశం వల్లె వేసినవారికి వృక్షానికి ఉన్న పర్యాయపదాల వరుసలో ద్రు, ద్రుమ అనేవి పక్కపక్కనే వచ్చే సంగతి గుర్తు ఉంటుంది. గ్రీకు డెండ్రాన్, ఈ ద్రుమం, ఇంగ్లీషు ట్రీ ఈ మూడూ ఇండో-యూరోపియన్ మూలభాషలోని ఒకే ధాతువు నుంచి పుట్టినవి. గ్రీకులో ఆ ధాతువు రెండుసార్లు పలకబడి, రెండు రకారాలు దగ్గరగా వచ్చినందువల్ల మొదటిది నకారంగా మారిందని భాషాశాస్త్రజ్ఞులు సాధారణంగా వివరిస్తారు. హిమాలయాల్లోని దేవదారులో ఉన్న దారు ఇదే, పూరీ జగన్నాథుణ్ణి దారుబ్రహ్మ అన్నప్పటి దారు కూడా ఇదే.

మన వంటింట్లో కూడా ఒక సాక్ష్యం ఉన్నది. పారసీకంలో దార్ అంటే కొయ్య, దార్చీనీ అంటే చీనా కొయ్య. ఆ దార్చీనీయే మన దగ్గరికి వచ్చి దాల్చిన అయింది, దానికి మనం మళ్ళీ చెక్క చేర్చి దాల్చినచెక్క అంటున్నాం. మీ విద్యార్థులకు డెండ్రైట్ అనే మాట పరాయిదిగా అనిపిస్తే, పలావులో వేసే దినుసు పేరులో దాని బంధువు ఒకటి ఉన్నదని చెప్పండి. అయితే చెట్టు, మాను అనే మన అచ్చతెలుగు మాటలకు దీనితో సంబంధం లేదు. మాను, మ్రాను అనేవి తమిళ మరం, కన్నడ మర అనే మాటలతో కలిసే ద్రావిడ కుటుంబానికి చెందినవి.

జవాబు (నెర్రెబండ)

మీ బంధువు చెప్పినది సరైనది. నేను చాలా ఏళ్ళు సున్నపురాయి ప్రాంతాల్లో పని చేశాను కాబట్టి, మీ మేస్త్రీ వంటివారు చెప్పే మాట ఎన్నోసార్లు విన్నాను; చూడగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ అది మొక్క కాదు అనడానికి ఒక్క కారణం చాలు. బేతంచెర్ల నాపరాయి కర్నూలు శిలాసముదాయానికి చెందినది. ఆ సున్నపు బురద సముద్రపు అడుగున పేరుకున్న కాలానికి భూమి మీద నేలమొక్క అనేదే ఇంకా పుట్టలేదు. కొమ్మ, ఆకు లేని కాలపు రాతిలో కొమ్మ అచ్చు పడే అవకాశం లేదు.

మరి ఆ బొమ్మ ఎక్కడిది? రాతి పొరల మధ్య వెంట్రుకంత నెర్రెలు ఉంటాయి. వాటిలోకి ఇంకిన నీటిలో మాంగనీసు, ఇనుము కొద్దిగా కరిగి ఉంటాయి. ఆ నీటికి ఆక్సిజన్ తగిలినప్పుడు మాంగనీసు నల్లని ఆక్సైడుగా మారి నెర్రె గోడకు అంటుకుంటుంది. అలా అంటుకున్న పూత అంచు ఎప్పుడూ నున్నగా ఉండదు. ఎక్కడో ఒక చిన్న మొన ముందుకు పొడుచుకు వస్తే, నీటిలో నెమ్మదిగా వ్యాపిస్తూ వచ్చే కొత్త మాంగనీసు ముందుగా ఆ మొనకే అందుతుంది, దాని వెనక ఉన్న గుంటకు చేరేది ఏమీ మిగలదు. కాబట్టి మొన ఇంకా ముందుకు సాగుతుంది. సాగిన మొన పక్కల మీద మళ్ళీ చిన్న మొనలు పుడతాయి, వాటికీ అదే నియమం వర్తిస్తుంది. ఇలా కొమ్మ, ఉపకొమ్మ, రెమ్మ ఏర్పడతాయి. విటెన్, శాండర్ అనే భౌతికశాస్త్రజ్ఞులు 1981లో ఈ పద్ధతిని కంప్యూటరులో నమూనాగా చేసి చూపారు: దారీతెన్నూ లేకుండా తిరిగే కణాలు తగిలిన చోటల్లా అతుక్కుపోవాలి అనే ఒక్క షరతు పెడితే చాలు, తెర మీద చెట్టు పెరిగింది.

మీరు భూతద్దం తీసుకొని బండను పరిశీలించండి. కొమ్మలన్నీ చాలా వరకు ఒక సన్నని పగులు నుంచో బండ అంచు నుంచో మొదలవుతాయి. ఆకుకు ఉండే నడిమి ఈనె కనిపించదు, కాడకు మందం ఉండదు, గోటితో తడిమినా ఎత్తు తెలియదు. ఇంకా నమ్మకం కుదరకపోతే, మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క ఆ నల్లని గీత మీద వేయండి. మాంగనీసు ఆక్సైడు ఉంటే సన్నని బుడగలు లేస్తాయి, ఎందుకంటే అది పెరాక్సైడును నీరుగానూ ఆక్సిజన్‌గానూ వేగంగా విడగొడుతుంది. పక్కనే ఉన్న ఖాళీ రాతి మీద కూడా ఒక చుక్క వేసి తేడా చూడండి. నిమ్మరసంతో మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. సున్నపురాయి ఆమ్లానికి తానే పొంగుతుంది, పైగా బండ మెరుపు పోతుంది.

ఉత్తరప్రదేశ్‌లోని బాందా దగ్గర కేన్ నదిలో దొరికే అగేటు రాళ్ళలో ఈ బొమ్మలు ఎంతో అందంగా ఉంటాయి. వాటిని అక్కడ షజర్ రాళ్ళు అంటారు. షజర్ అంటే అరబ్బీలో చెట్టు. గ్రీకువారు పెట్టినా అరబ్బీ మాట వాడేవారు పెట్టినా, ఆ రాతికి వచ్చిన పేరు చెట్టుదే కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

జవాబు (నాడీపరీక్ష)

నేను శరీరధర్మశాస్త్రం బోధించేవాడిని. నాడీకణం వైపు కథ నేను చెబుతాను.

జర్మన్ శాస్త్రజ్ఞుడు డైటర్స్ నాడీకణపు శాఖల్లో రెండు రకాలు ఉన్నాయని గుర్తించాడు. ఆయన మరణం తరువాత 1865లో వెలువడిన గ్రంథంలో, కొమ్మలుగా చీలే శాఖలను ప్రోటోప్లాజం శాఖలు అని పిలిచాడు. అయితే ఆ శాఖల పూర్తి రూపాన్ని అప్పటికి ఎవరూ చూడలేదు. ఇటలీలో కెమిలో గాల్జీ 1873లో పొటాషియం డైక్రోమేట్, సిల్వర్ నైట్రేట్‌లతో మెదడు ముక్కలకు రంగు పట్టించే పద్ధతిని ప్రకటించాడు. ఆ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే, వేల కణాలు కిక్కిరిసి ఉన్న చోట కొన్నింటికి మాత్రమే నల్లరంగు పడుతుంది, కానీ పడిన కణానికి చిట్టచివరి రెమ్మ వరకూ పడుతుంది. అన్నింటికీ రంగు పడి ఉంటే కటిక నలుపు తప్ప ఏమీ కనిపించేది కాదు. స్పెయిన్‌లో కహాల్ ఆ పద్ధతిని మెరుగుపరచి, తాను సూక్ష్మదర్శినిలో చూసినదాన్ని చేత్తో బొమ్మలుగా గీశాడు. ఇద్దరికీ 1906లో నోబెల్ బహుమతి కలిపి ఇచ్చారు, ఒకరి సిద్ధాంతాన్ని ఒకరు అంగీకరించకపోయినా.

డెండ్రైట్ అనే పేరు పెట్టింది వీరిద్దరూ కాదు. విల్హెల్మ్ హిస్ అనే శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు 1889లో ఆ మాటను నాడీకణపు శాఖలకు వాడాడు. న్యూరాన్ అనే మాటను వాల్డయర్ 1891లోనూ, సంకేతాన్ని కణదేహం నుంచి బయటికి మోసుకుపోయే పొడవాటి శాఖకు ఆక్సాన్ అనే మాటను కోలికర్ 1896లోనూ పెట్టారు. మనం పిల్లల చేత ఒకే బొమ్మ మీద ఒకే గంటలో గుర్తింపజేసే ఈ మూడు పేర్లు ముగ్గురు వేరువేరు మనుషులు పెట్టినవి.

చిన్నమెదడులోని పర్కింజీ కణాన్ని ఒక్కసారి పిల్లలకు చూపించండి. దాని డెండ్రైట్లు ఒకే తలంలో, విసనకర్రలా పరుచుకొని ఉంటాయి. ఒక్క కణం మీదే లక్షకు పైగా నాడీసంధులు ఏర్పడతాయి. ఆ కొమ్మలన్నీ ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఆ బొమ్మలోనే ఉన్నది: కొద్దిపాటి చోటులో వీలైనంత ఉపరితలాన్ని అందించడానికి.

ఇంకొక సంగతి. ఆక్సాన్ చివర చీలిపోయే సన్నని శాఖలను టీలోడెండ్రియా అంటారు కదా. టీలాస్ అంటే చివర, డెండ్రాన్ అంటే చెట్టు. అంటే ఒక్క నాడీకణానికే రెండు చెట్లు, ఒకటి సంకేతాన్ని అందుకునే వైపు, రెండవది అందించే వైపు. మీ విద్యార్థిని నదిని ప్రస్తావించింది కాబట్టి దాన్నే వాడుకోవచ్చు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి, వాటిలో కలిసే వాగులు అన్నీ గోదావరిలోకి చేరినట్లు డెండ్రైట్ల నుంచి సంకేతాలు కణదేహానికి చేరతాయి. దవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలినట్లు ఆక్సాన్ చివర టీలోడెండ్రియాగా చీలుతుంది. ఈ పోలిక నాడీకణం పనిని చెప్పడానికే, నది పుట్టుకను చెప్పడానికి కాదు.

రోగనిరోధక వ్యవస్థలోని డెండ్రిటిక్ కణాలను చూసి చాలామంది వైద్యవిద్యార్థులు కూడా తికమక పడతారు. వాటికీ నాడీకణపు డెండ్రైట్లకూ ఏ సంబంధమూ లేదు. రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ 1973లో ఎలుకల ప్లీహంలో ఆ కణాలను గుర్తించి, వాటి కొమ్మల ఆకారాన్ని బట్టి ఆ పేరు పెట్టారు. ఆ పరిశోధనకు 2011లో స్టైన్‌మన్‌కు నోబెల్ బహుమతి ప్రకటించే సమయానికి ఆయన కన్నుమూసి మూడు రోజులైంది. బహుమతి సంఘానికి ఆ వార్త ప్రకటన తరువాతే తెలిసింది.

పలకాబలపం

ఎంతో శ్రద్ధగా రాశారు, అందరికీ కృతజ్ఞతలు. ఒక విషయం తేల్చుకోవాలని ఉన్నది. రాతిలో మొన ముందుకు సాగడం వల్ల కొమ్మలు వస్తాయని నెర్రెబండ గారు వివరించారు. నదికీ నాడీకణానికీ కూడా అదే కారణం వర్తిస్తుందా? మరొకటి, దీన్ని తరగతి గదిలో పిల్లల కళ్ళ ముందు చూపించే ప్రయోగం ఏదైనా ఉన్నదా?

జవాబు (నెర్రెబండ)

వర్తించదు. ఈ తేడాను పిల్లలకు తప్పక చెప్పవలసి ఉన్నదని నా అభిప్రాయం. నది విషయంలో పని చేసేది వాలు, నీటి కోత. అడుగున రాయి అంతటా ఒకే రకంగా ఉండి, ఏ దిక్కుకూ ప్రత్యేకమైన బలహీనత లేనప్పుడు వాగులు వాలును అనుసరించి కలుస్తూ, తమ మొదళ్ళ వైపు నేలను కోసుకుంటూ పోతాయి. అప్పుడు చెట్టు ఆకారం వస్తుంది. రాతిలో పగుళ్ళు ఒక పద్ధతిగా ఉంటే నదులు లంబకోణాల్లో తిరుగుతాయి, అప్పుడు ఆ పేరు చెల్లదు. కాబట్టి భూగర్భశాస్త్రజ్ఞుడికి డెండ్రిటిక్ అనేది అందం గురించిన మాట కాదు, అడుగున ఉన్న నేల గురించిన సమాచారం. నాడీకణమైతే జీవి, దాని కొమ్మలను జన్యువులూ, పొరుగు కణాల నుంచి వచ్చే రసాయన సంకేతాలూ నడిపిస్తాయి. పేరు చెప్పేది రూపాన్ని మాత్రమే. కారణాన్ని ఏ శాస్త్రానికి ఆ శాస్త్రమే చెప్పాలి.

జవాబు (రాగితీగ)

ప్రయోగం ఉన్నది, అదీ మన పాఠశాలల్లో ఎప్పటినుంచో చేస్తున్నదే. ఒక చిన్న గాజు గిన్నెలో పలుచని సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోసి, గరుకు కాగితంతో శుభ్రం చేసిన రాగి తీగను అందులో ముంచండి. రాగి కరుగుతూ వెండిని బయటికి తోసేస్తుంది. కాసేపటికి తీగ మీద బూడిదరంగు నూగు కనిపిస్తుంది, తరువాత ఆ నూగులోంచి మెరిసే వెండి రెమ్మలు బయలుదేరి ద్రావణంలోకి చొచ్చుకుపోతాయి, ద్రావణం క్రమంగా నీలిరంగుకు తిరుగుతుంది. గిన్నె కదిలితే రెమ్మలు రాలిపోతాయి కాబట్టి బల్లను ఎవరూ తాకకుండా చూడాలి. సిల్వర్ నైట్రేట్ చేతికి అంటితే నల్లమచ్చ పడుతుంది, కంటికి ప్రమాదం, ఉపాధ్యాయులే పోయాలి. ఐరోపా రసవాదులు దీన్ని డయానా వృక్షం అనేవారు, ఎందుకంటే వారి లెక్కలో వెండి చంద్రుడి లోహం, డయానా చంద్రుడికి అధిదేవత.

ఇదే పెరుగుదల మన జేబులోని ఫోను బ్యాటరీలో జరిగితే నష్టం. లిథియం బ్యాటరీని మరీ వేగంగా గానీ, గడ్డకట్టే చలిలో గానీ ఛార్జి చేస్తే ఋణధ్రువం మీద లిథియం లోహం సన్నని రెమ్మలుగా పేరుకోవచ్చు. ఆ రెమ్మ రెండు ధ్రువాలనూ వేరు చేసే పలుచని పొరను చీల్చుకుపోతే లోపలే షార్ట్ అయి బ్యాటరీ వేడెక్కుతుంది, మంటలు కూడా రావచ్చు. దాన్ని కూడా ఇంజనీర్లు డెండ్రైట్ అనే అంటారు.

జవాబు (వెదురుపొద)

వృక్షశాస్త్రం తరఫున ఒక చిన్న చేర్పు. డెండ్రో అని మొదలయ్యే ప్రతి మాటా చెట్టు వంటి ఆకారాన్ని చెప్పదు. కొన్ని మాటల్లో అది నిజమైన చెట్టే. చెట్టు వలయాలను లెక్కించి కాలాన్ని నిర్ణయించే డెండ్రోక్రొనాలజీలో చెట్టు అంటే చెట్టే. డెండ్రోబియం అనే ఆర్కిడ్ పేరుకు చెట్టు మీద బతికేది అని అర్థం. మన అడవుల్లో దొరికే గట్టి వెదురుకు శాస్త్రీయనామంలో డెండ్రోకేలమస్ అని ఉంటుంది, అంటే చెట్టంత రెల్లు. రోడోడెండ్రాన్ అంటే గులాబీ చెట్టు. ఇప్పుడు ఆ పేరు కొండ ప్రాంతాల పూలచెట్టుకు స్థిరపడింది కానీ, ప్రాచీన గ్రీకులు ఆ మాటతో పిలిచినది మన పెరట్లో పూసే గన్నేరును.

జవాబు (నిఘంటుప్రియ)

తెలుగులో ఏమనాలి అన్న ప్రశ్న మిగిలిపోయింది. నదులకు వృక్షాకార నదీవ్యవస్థ అనే మాట ఇప్పటికే వాడుకలో ఉన్నది, అది చక్కగా అర్థమవుతుంది, మార్చనక్కరలేదు. రాతిమీది బొమ్మకు ద్రుమాకృతి అనవచ్చునని నా సూచన; ద్రుమం డెండ్రాన్‌కు సొంత చుట్టం కావడం ఒక కారణం, ఆకృతి అన్నప్పుడు అది చెట్టు కాదు, చెట్టు రూపం మాత్రమే అని స్పష్టంగా తెలియడం మరొక కారణం. నాడీకణానికి మాత్రం డెండ్రైట్ అనే ఉంచండి. పాఠ్యపుస్తకంలోనూ ప్రశ్నపత్రంలోనూ ఉన్న మాటను కాదని మనం వేరే మాట నేర్పితే పరీక్షలో నష్టపోయేది పిల్లలే.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఆర్బోరెసెంట్ అనే మాట కూడా ఎదురవుతుంది. అది లాటిన్ ఆర్బర్ నుంచి వచ్చింది, ఆర్బర్ అన్నా చెట్టే. దాని చివర ఉన్న ప్రత్యయానికి అలా అవుతూ ఉన్నది అనే అర్థం ఉన్నందువల్ల, వృక్షశాస్త్రంలో అది చెట్టంత ఎదిగే మొక్కలకు ఎక్కువగా చెల్లుతుంది. రెంటినీ ఒకదాని బదులు ఒకటిగా వాడకుండా ఉంటే మంచిది.

తరగతిలో వివరించేటప్పుడు ఈ పరిభాష ఏదీ అవసరం లేదు. శాఖోపశాఖలుగా అనే మాట పిల్లలందరికీ తెలుసు, వంశం గురించీ వ్యాపారం గురించీ పెద్దలు ఇంట్లో రోజూ అంటూనే ఉంటారు. ముందు ఆ మాటతో బొమ్మ గీయించండి, డెండ్రైట్ అని పేరు తరువాత రాయించండి.